దోచిన సొమ్ము ఎక్కడుందో తెలిసినా వెనక్కి రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక నాయకుడో అధికారో దోచిన డబ్బు ఫలానా దేశంలో ఉందని వార్తల్లో వస్తుంది. ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలూ అవినీతి వ్యతిరేక ఒప్పందంలో ఉన్నాయి. అయినా సొమ్ము తిరిగి రావడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతోంది. దేశాల మధ్య సహకారం నిజంగా ఉందా, లేక కాగితాల మీదేనా అని అడిగారు. ఖాతాలు స్తంభింపజేసిన ఒక కేసును కూడా ప్రస్తావించారు. లా చదువుతున్నాను, ఈ పనిలోకి రావచ్చా అని చివర్లో రాశారు.

సహకారం నిజంగానే ఉంది. కాకపోతే అడగడం తెలిసినవాళ్లకే అది అందుతుంది. ఆలస్యానికి పెద్ద కారణం ఒప్పందాల కొరత కాదు. ఈ ఖాతాలోని డబ్బు ఆ నేరం నుంచే వచ్చిందని, అవతలి దేశం జడ్జి ఒప్పుకునే రూపంలో, డబ్బు జారిపోకముందే చూపించలేకపోవడం. ఈ రంగంలో నేను చూసిన వైఫల్యాల్లో చాలావరకు ఇక్కడికే వచ్చి ఆగాయి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఏ అనుభవంతో మాట్లాడుతున్నానో మీకు తెలియదు. మొదట కొన్నేళ్లు బ్యాంకులో అనుమానాస్పద లావాదేవీలు చూసే విభాగంలో పనిచేశాను. తర్వాత విదేశాలకు న్యాయ సహాయ అభ్యర్థనలు, అంటే సాక్ష్యాలు, ఖాతా పత్రాలు, జప్తు కోరుతూ ఒక దేశం ఇంకో దేశానికి పంపే లేఖలు, రాసే బృందంలోకి వెళ్లాను. అంటే ఒకే డబ్బును రెండు చివరల నుంచీ చూశాను: బయటికి వెళ్తున్నప్పుడు, వెనక్కి రమ్మని అడుగుతున్నప్పుడు.

ముందు ఒప్పందం సంగతి. మీరు చెప్పింది ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒడంబడిక. 2003 అక్టోబర్ 31న సర్వసభ్య సభ ఆమోదించింది, ఆ డిసెంబర్‌లో మెక్సికోలోని మెరిడాలో సంతకాలు మొదలయ్యాయి, 2005 డిసెంబర్ 14న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 190కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. అందులో అయిదో అధ్యాయం మొత్తం సొమ్ము తిరిగి రాబట్టడం గురించే. ప్రభుత్వ ఖజానా నుంచి కాజేసిన డబ్బయితే, షరతులన్నీ నెరవేరాక, అడిగిన దేశానికి తిరిగి ఇవ్వాల్సిందేనని 57వ అధికరణ చెబుతుంది. బ్యాంకు రహస్యం పేరు చెప్పి సహాయం నిరాకరించకూడదని 46వ అధికరణలో ఉంది. చదివితే ఇంకేం కావాలి అనిపిస్తుంది. లా విద్యార్థిగా మీరు ఈ రెండు అధికరణలూ పూర్తిగా చదవండి.

కానీ ఒడంబడిక తలుపు తెరుస్తుందే గానీ లోపల నిర్ణయించేది ఆ దేశం కోర్టే. అక్కడి చట్టం, అక్కడి సాక్ష్య నియమాలు, అక్కడ ఖాతాదారు పెట్టుకున్న లాయర్లు. మన దగ్గర వెయ్యి పేజీల ఛార్జిషీటు ఉన్నా అక్కడి జడ్జికి కావాల్సింది ఒక్కటే: ఈ డబ్బుకీ ఆ నేరానికీ సంబంధం ఏమిటి?

నాకు ఈ పాఠం నేర్పిన కేసు ఒకటి చెప్తాను. ఒక కాంట్రాక్టు కోసం లంచం, ఆ లంచం రెండు దేశాలు దాటి మూడో దేశంలో ఖాతాకు చేరింది. మేము నలభై పేజీల అభ్యర్థన పంపాం. నిందితుడు ఎంత పెద్ద పదవిలో ఉన్నాడు, ఎన్ని ఆరోపణలున్నాయి, ప్రజలకు ఎంత నష్టం జరిగింది, అన్నీ రాశాం. ఏడు నెలల తర్వాత వాళ్లు రెండే వాక్యాల్లో జవాబిచ్చారు. టెండర్ ఖరారైన తేదీకీ, మా దేశంలో ఖాతాలో జమ అయిన తేదీకీ మధ్య డబ్బు ఎలా నడిచిందో మీ లేఖలో ఎక్కడా లేదు. దయచేసి వివరించండి.

ఆ రోజు నాకు కోపం వచ్చింది. సాయంత్రానికి మా లేఖ నేనే మళ్లీ చదివితే వాళ్లు అడిగింది న్యాయమే అనిపించింది. నలభై పేజీల్లో కోపం ఉంది, కథ ఉంది, ముడి లేదు. రెండోసారి ఆరు పేజీలు రాశాం. మొదటి పేజీలో ఒకే బొమ్మ: నాలుగు గడులు, మూడు బాణాలు, ప్రతి బాణం మీద తేదీ, మొత్తం, లావాదేవీ నంబర్. పదకొండు వారాల్లో ఖాతా పత్రాలు వచ్చాయి. దేశం అదే, ఒప్పందం అదే, అధికారులూ వాళ్లే.

డబ్బుకు నిమిషాలు చాలు, లేఖకు నెలలు కావాలి. ఈ తేడాను పూడ్చడానికే అనధికార మార్గం ఉంది, అంటే లాంఛనమైన లేఖ లేకుండానే రెండు దేశాల అధికారులు నేరుగా సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం. దాదాపు ప్రతి దేశంలో ఒక ఆర్థిక నిఘా విభాగం ఉంటుంది, మేము ఎఫ్‌ఐయూ అంటాం. అనుమానం వచ్చిన లావాదేవీల గురించి బ్యాంకులు దానికే రిపోర్టు ఇస్తాయి. ఈ ఎఫ్‌ఐయూలు కలిసి 1995లో బ్రసెల్స్‌లోని ఎగ్మాంట్ ప్యాలెస్‌లో ఒక బృందంగా ఏర్పడ్డాయి, అందుకే దాన్ని ఎగ్మాంట్ గ్రూప్ అంటారు. ఈ నెట్‌వర్క్ ద్వారా వచ్చిన సమాచారాన్ని ఇచ్చిన దేశం అనుమతి లేకుండా కోర్టులో సాక్ష్యంగా పెట్టకూడదు. కానీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, చాలా దేశాల్లో ఎఫ్‌ఐయూకి లావాదేవీని కొద్ది రోజులు ఆపేసే అధికారం ఉంది. నల్లధనాన్ని తెల్లగా మార్చడాన్ని అరికట్టే ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ ఆర్థిక చర్య కార్యదళం, అంటే ఎఫ్‌ఏటీఎఫ్, 2023లో తన ప్రమాణాలు సవరించి ఈ తక్షణ నిలుపుదల అధికారం ఉండాలని స్పష్టంగా రాసింది. నా దృష్టిలో ఈ మధ్య వచ్చిన మార్పుల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే.

అనధికార మార్గంతోనే పని అయిపోతుందనుకుంటే మాత్రం ప్రమాదం. మలేషియా ప్రభుత్వ పెట్టుబడి నిధి 1ఎండీబీ కుంభకోణంలో, ఆ నిధి సొమ్ముతోనే కొన్నారని ఆరోపణ వచ్చిన ఈక్వానిమిటీ అనే విలాస నౌక గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో అమెరికా కోరికపై ఇండోనేషియా పోలీసులు దాన్ని బాలి దగ్గర పట్టుకున్నారు. ఏప్రిల్‌లో అక్కడి కోర్టు ఆ స్వాధీనం చెల్లదని తీర్పిచ్చింది. లాంఛనంగా న్యాయ సహాయ అభ్యర్థన పంపాకే వ్యవహారం గాడిన పడి, ఆగస్టులో నౌక మలేషియా చేతికి వచ్చింది. అనధికార మార్గంలో వెతకాలి, ఆపాలి. లాంఛనమైన మార్గంలో సాక్ష్యం తెచ్చుకోవాలి, జప్తు చేయించాలి. రెండూ ఒకదాని వెంట ఒకటి నడవాలి.

ఆ నౌక గురించి ఇంకొక్క మాట. దాదాపు 25 కోట్ల డాలర్లు పెట్టి కట్టించినది 2019లో 12.6 కోట్లకు అమ్ముడైంది. జప్తు చేసిన ఆస్తి కూర్చున్నచోటే కరిగిపోతుంది. ఓడకు సిబ్బంది కావాలి, ఇంధనం కావాలి. ఇంటికి పన్నులు కట్టాలి. కేసు తేలేదాకా దాన్ని ఎవరు చూసుకోవాలన్నది మొదటి రోజే ఆలోచించకపోతే చివరికి ప్రజలకు దక్కేది సగమే.

ఇక అసలు యజమాని ఎవరన్న సమస్య. ఇక్కడే ఎక్కువ కేసులు చచ్చిపోతాయి, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఒకసారి ఒక కన్సల్టెన్సీ కంపెనీ ఫైల్ నా బల్ల మీదకొచ్చింది. ఇన్‌వాయిస్ ఒక్క పేజీ. "వ్యూహాత్మక సలహా సేవలు" అని ఒకే వరుస, పక్కన గుండ్రటి అంకె. ఫోన్ నంబర్ లేదు, సలహా ఏమిటో లేదు, సంతకం కింద పేరు లేదు. కంపెనీ రిజిస్టర్ తెప్పిస్తే డైరెక్టర్‌గా ఒక యువతి పేరు. ఆమె పేరు మీద వందలాది కంపెనీలు ఉన్నాయి. మూడు కంపెనీల పత్రాలు పక్కపక్కన పెట్టి చూశాను. సంతకం ఒక్కలాగే ఉంది. ఒకే మనిషి చేసినట్టు కాదు, ఒకే కాగితాన్ని మూడుసార్లు ఫోటోకాపీ తీసినట్టు. తేదీ గడి మాత్రం మూడింట్లో మూడు రకాల చేతిరాతల్లో నింపి ఉంది. ఆమెకు జీతం ఇచ్చేది కంపెనీలు తయారుచేసి అమ్మే సంస్థ. ఆమెకు మా నిందితుడెవరో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వెనకున్న మనిషిని పట్టుకోవడానికి ఇంకో రెండు దేశాలకు అభ్యర్థనలు పంపాల్సి వచ్చింది. అందులో ఒక దేశంలో ఆ కంపెనీ వాటాలు ఒక ట్రస్టు చేతిలో ఉన్నాయి. ట్రస్టు పత్రాలు ఒక లాయర్ అల్మారాలో ఉన్నాయి.

ఇలాంటి సంస్థలు ఎంత పెద్ద ఎత్తున పనిచేస్తాయో 2016 ఏప్రిల్‌లో పనామా పేపర్స్ చూపించాయి. ఒక్క లా ఫర్మ్ నుంచే 1.15 కోట్ల పత్రాలు, రెండు లక్షలకు పైగా కంపెనీలు, ట్రస్టుల వివరాలు బయటపడ్డాయి. ఆ తర్వాత చాలా దేశాలు అసలు యజమాని పేరు నమోదు చేసే రిజిస్టర్లు పెట్టాయి. కానీ ఈ దారి ముందుకే సాగుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. 2022 నవంబర్‌లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఆ రిజిస్టర్లను ప్రజలందరికీ తెరిచి ఉంచడం వ్యక్తిగత గోప్యతకు భంగమని కొట్టేసింది. అమెరికా 2021లో ఇలాంటి చట్టం తెచ్చి, 2025 మార్చిలో సొంత దేశపు కంపెనీలకు మినహాయింపు ఇచ్చేసింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. డబ్బు పంపిన పేద దేశాన్ని అవినీతి దేశమని వేలెత్తి చూపడం సులువు. ఆ డబ్బుకు ముసుగు కుట్టి ఇచ్చినవాళ్లు, ఇల్లు అమ్మినవాళ్లు, ఖాతా తెరిచినవాళ్లు అవతలి వైపే ఉన్నారు కదా!

ఇంతకీ మీరు అడిగిన "ఇన్నేళ్లెందుకు" అన్నదానికి కేసులే మంచి సమాధానం.

ఫిలిప్పీన్స్ నియంత మార్కోస్ 1986 ఫిబ్రవరిలో దేశం విడిచి పారిపోయాడు. స్విట్జర్లాండ్ నెల తిరక్కుండానే ఖాతాలు స్తంభింపజేసింది. సహకారం అంతకన్నా వేగంగా ఎవరు చేయగలరు? అయినా ఫిలిప్పీన్స్ సుప్రీంకోర్టు జప్తుకు తుది తీర్పు ఇచ్చింది 2003లో. 65 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము అప్పటికి గానీ ఖజానాకు దారిపట్టలేదు. పదిహేడేళ్లలో ఎక్కువ భాగం పోయింది కోర్టుల్లోనే.

నైజీరియా సైనిక పాలకుడు అబాచా 1998లో చనిపోయాడు. స్విస్ సుప్రీంకోర్టు 2005లో అబాచా ముఠాను నేర సంస్థగా పరిగణించి, ఆ డబ్బు సక్రమమైనదని నిరూపించుకునే భారం కుటుంబం మీదే పెట్టింది. అక్కడి నుంచి కేసు మలుపు తిరిగింది. అయినా జెర్సీ దీవిలోని 30 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము నైజీరియాకు చేరింది 2020లో, ఆయన పోయిన ఇరవై రెండేళ్లకు.

హైతీ కథ ఇంకా బాధాకరం. ఆ దేశాన్ని నియంతలుగా ఏలిన డువాలియర్ కుటుంబం సొమ్ము స్విట్జర్లాండ్‌లో ఏళ్ల తరబడి స్తంభించి ఉంది. 2010 జనవరిలో స్విస్ సుప్రీంకోర్టు కాలపరిమితి దాటిపోయిందని, తిరిగి ఇవ్వడానికి చట్టంలో దారి లేదని చెప్పింది. అదే నెలలో హైతీని భూకంపం నేలమట్టం చేసింది. ఆ తర్వాత స్విస్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అడిగే దేశంలో ప్రభుత్వ యంత్రాంగమే కూలిపోయి, అక్కడి నుంచి తీర్పు తెచ్చే పరిస్థితి లేకపోయినా జప్తు చేయొచ్చని అందులో రాశారు. 2011 ఫిబ్రవరి 1న అది అమల్లోకి వచ్చింది. ఒక దేశం తన చట్టంలోని లోపాన్ని చూసి తానే సరిదిద్దుకున్న సందర్భాల్లో నేను ముందు చెప్పేది ఇదే.

త్వరగా అయిన కేసు లేదా అంటే, ఉంది. పెరూలో నిఘా సంస్థను నడిపించిన మాంటెసినోస్ 2000లో అధికారం కోల్పోయాడు. 2002 ఆగస్టుకల్లా స్విట్జర్లాండ్ నుంచి 7.7 కోట్ల డాలర్లు వెనక్కి వచ్చాయి, రెండేళ్లలోపే. ఎలా? స్విస్ అధికారులు ఎవరూ అడగకముందే తామే విచారణ మొదలుపెట్టి పెరూకు సమాచారం అందించారు. కొందరు ఖాతాదారులు డబ్బు వదులుకోవడానికి ఒప్పుకున్నారు. అడగకుండానే సమాచారం పంపడం అన్నది ఒడంబడికలో 46, 56 అధికరణల్లో ఉంది, కానీ చాలా దేశాలు దాన్ని వాడుకోవు. వాడుకుంటే ఎన్ని నెలలు మిగులుతాయో నా కళ్లతో చూశాను.

శిక్ష పడకుండా జప్తు చేయవచ్చా? ఇది మీ ప్రశ్నలో లేదు గానీ తెలుసుకోవాలి. నిందితుడు చనిపోతాడు, పారిపోతాడు, లేదా ఇంకా అధికారంలోనే ఉంటాడు. అప్పుడు మనిషి మీద కాకుండా ఆస్తి మీదే కేసు వేసే పద్ధతి ఉంది. అమెరికా 1ఎండీబీ ఆస్తుల మీద అలాగే వెళ్లింది. ఒడంబడిక 54వ అధికరణ దీన్ని పరిశీలించమని దేశాలకు చెబుతుంది. నేను దీన్ని సమర్థిస్తాను, కానీ ఒక భయంతో. ఆస్తి యజమానికి తన వాదన చెప్పుకునే పూర్తి అవకాశం లేకపోతే ఇదే ఆయుధం రాజకీయ ప్రత్యర్థుల మీదకు తిరుగుతుంది. అవతలి దేశాల కోర్టులు మన అభ్యర్థనల్ని అనుమానంగా చూసేది కూడా ఇందుకే. రాజకీయ కక్ష వాసన వస్తే ఫైల్ అక్కడే ఆగిపోతుంది. అలా ఆగిన వాటిలో కొన్ని ఆగాల్సినవే.

చిన్న విషయాలు కూడా పెద్ద ఆలస్యం చేస్తాయి. ఇంటిపేరు ముందు రాసే దేశం, వెనక రాసే దేశం. ఒకే మనిషికి పాస్‌పోర్టులో ఒక స్పెల్లింగ్, బ్యాంకులో ఇంకోటి. అనువాదం సరిగా లేదని వెనక్కి వచ్చిన లేఖలున్నాయి. "మోసపూరిత దుర్వినియోగం" అన్న మా నేరానికి వాళ్ల చట్టంలో అదే పేరుతో నేరం లేదని ఒక జూనియర్ అధికారి ఫైల్ పక్కన పెట్టేశాడు. పేరు వేరైనా ఆ పని రెండు దేశాల్లోనూ నేరమైతే చాలని 43వ అధికరణ చెబుతుంది. అది చూపించి మళ్లీ రాయడానికి నాలుగు నెలలు పోయాయి.

ఇంకో సంగతి చెప్పకపోతే సమాధానం అసంపూర్ణం. మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నది లంచాలు, దోపిడీ గురించి. అక్రమ ఆర్థిక ప్రవాహాల్లో అది ఒక పాయ మాత్రమే. సరుకు ధర ఎక్కువో తక్కువో చూపించి లాభాన్ని దేశం దాటించడం, పన్ను ఎగవేత కూడా ఇందులోకే వస్తాయి. దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకి అధ్యక్షతన వేసిన బృందం 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఆఫ్రికా నుంచి ఇలా ఏటా 5,000 కోట్ల డాలర్లకు పైగా బయటికి పోతోంది, అందులో పెద్ద వాటా వాణిజ్య లావాదేవీలదే. ఈ పాయను పట్టుకోవడం కస్టమ్స్, పన్ను శాఖల పని. ఇక్కడ మాత్రం సహకారం బాగా మెరుగుపడింది. 2017 నుంచి వంద దాకా దేశాలు విదేశీయుల ఖాతాల వివరాలను ఎవరూ అడగకుండానే ఏటా ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టాయి. కానీ పన్ను కోసం వచ్చిన ఆ సమాచారాన్ని అవినీతి కేసులో వాడాలంటే మామూలుగా మళ్లీ అనుమతి కావాలి. ఒకే ప్రభుత్వంలో ఒక శాఖ దగ్గరున్న కాగితం పక్క శాఖకు అందక కేసు నీరుగారిపోవడం నేను చూశాను. విదేశాల సహకారం గురించి మాట్లాడే ముందు ఇంట్లో సహకారం ఉందా అని అడగడం నాకు అలవాటైంది.

డబ్బు తిరిగి వచ్చాక మళ్లీ దొంగల చేతికే పోదా అని మీ పోస్టు కింద ఎవరో అడిగారు. న్యాయమైన భయమే. కజకిస్తాన్ విషయంలో అందుకే డబ్బును నేరుగా ప్రభుత్వానికి ఇవ్వలేదు. అమెరికా, స్విట్జర్లాండ్, కజకిస్తాన్ కలిసి 2007లో కుదుర్చుకున్న ఒప్పందంతో బోటా ఫౌండేషన్ పెట్టి, 11.5 కోట్ల డాలర్లకు పైగా సొమ్మును పేద పిల్లలు, తల్లులు, యువత కోసం ఖర్చు చేశారు. ఫిలిప్పీన్స్ 2013లో చట్టం చేసి, మార్కోస్ సొమ్ములోంచి 1,000 కోట్ల పెసోలను ఆయన పాలనలో చిత్రహింసలు అనుభవించినవాళ్లకు పరిహారంగా కేటాయించింది. ఈ రెండో ఉదాహరణ నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. ఎక్కడో ఖాతాలో ఉన్న అంకె చివరికి ఒక బాధితుడి చేతికి అందింది.

చివరగా మీ గురించి. ఈ పనిలోకి తప్పకుండా రండి, మనుషులు చాలా తక్కువ ఉన్నారు. లా ఒక్కటే చాలదు. బ్యాంక్ స్టేట్‌మెంట్ చదవడం నేర్చుకోండి, బ్యాలెన్స్ షీట్ అంటే భయం పోవాలి. ఇంకో విదేశీ భాష వస్తే ఇంకా మంచిది. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి దోచిన సొమ్మును రాబట్టడంలో దేశాలకు సాయపడేందుకు 2007లో కలిసి పెట్టిన స్టార్ కార్యక్రమం వాళ్ల మార్గదర్శక పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. వార్తల్లో "ఖాతాలు స్తంభింపజేశారు" అని చదివినప్పుడు అది ఏ దశో రాసుకోండి: ఆచూకీ దొరకడమా, స్తంభనా, జప్తు తీర్పా, తిరిగి అప్పగింతా. నాలుగూ వేరు. మీరు పోస్టులో ప్రస్తావించిన కేసులో, మీరు రాసిన దాన్నిబట్టి, ఇంకా రెండో దశే నడుస్తోంది. కోర్టు ఉత్తర్వు మీ దగ్గర ఉంటే అందులో ఏ చట్టం, ఏ సెక్షన్ కింద ఆపారో ఇక్కడ రాయండి. ఇంకెంత దూరం ఉందో అప్పుడు కాస్త కచ్చితంగా చెప్పగలను.